ముందు గుమ్మానికి కాపలా, దొడ్డి తలుపు బార్లా

వెబ్ అప్లికేషన్ రాయడం అయిపోయింది. ఒక చిన్న వర్చువల్ సర్వర్ అద్దెకు తీసుకుని అప్లికేషన్‌ని 3000 పోర్టులో (మెషిన్‌లో ఏ ప్రోగ్రామ్‌కి చేరాలో చెప్పే నంబర్) నడిపారు. దాని ముందు రివర్స్ ప్రాక్సీగా, అంటే వచ్చే రిక్వెస్టులను అందుకుని అప్లికేషన్‌కి చేరవేసే మధ్యవర్తిగా, ఇంజిన్‌ఎక్స్ అనే ప్రోగ్రామ్ పెట్టారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచితంగా సర్టిఫికెట్ తెచ్చి తగిలించారు. బ్రౌజర్‌లో డొమైన్ పేరు కొడితే హెచ్‌టీటీపీఎస్‌తో పేజీ చక్కగా తెరుచుకుంది. పని అయిపోయిందని అందరూ టీకి లేచారు.

లేచే ముందు ఇంకో పని చేసి చూడాల్సింది. సర్వర్ ఐపీ అడ్రస్ కొట్టి, పక్కన కోలన్ పెట్టి, 3000 అని టైప్ చేయాలి. ప్రత్యేకంగా ఎవరూ ఆపకపోతే అదే పేజీ మళ్లీ వస్తుంది. ఈసారి మధ్యలో ఎన్‌క్రిప్షన్ లేదు, ఇంజిన్‌ఎక్స్ లేదు. అప్లికేషన్ నేరుగా జవాబిస్తోంది.

రివర్స్ ప్రాక్సీని గోడ అనుకోవడంలోనే ఈ చిక్కంతా ఉంది. అది గోడ కాదు, ముందు గుమ్మం దగ్గర కూర్చున్న మనిషి. ఆ గుమ్మంలోంచి వచ్చినవాళ్లను పలకరిస్తాడు, సంతకం పెట్టించుకుంటాడు, అనుమానం వస్తే ఆపుతాడు. దొడ్డి తలుపు తీసి ఉందో లేదో అతనికి తెలియదు. తెలుసుకోమని ఎవరూ చెప్పలేదు కూడా. దొడ్డి తలుపు మూయడం వేరే పని, దాన్ని వేరేగానే చేయాలి.

ఎవరికి తెలుస్తుందిలే అనే ధీమా కొందరిది. 3000 కాకుండా 34817 లాంటి నంబర్ పెడితే సరిపోతుందని ఇంకొందరి నమ్మకం. 2013లో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు జడ్‌మ్యాప్ అనే స్కానర్ విడుదల చేశారు. గిగాబిట్ కనెక్షన్ ఉన్న ఒక్క మెషిన్‌తో, ఇంటర్నెట్‌లోని ఐపీవీ4 అడ్రస్‌లన్నిటినీ ఒక పోర్టు మీద 45 నిమిషాల లోపే తడిమి రావచ్చని చూపించారు. ఒక మెషిన్‌కి ఉన్న టీసీపీ పోర్టులు మొత్తం 65,535. ఒక్క సర్వర్ మీద వాటన్నిటినీ వెతకడం పెద్ద పనేమీ కాదు. కొత్త సర్వర్ లేచిన కాసేపటికే లాగ్‌లో ముక్కూమొహం తెలియని ఐపీలు కనిపించడం సర్వర్లు నడిపేవాళ్లందరికీ అలవాటైన దృశ్యమే.

పేజీ రెండు దారుల్లో వస్తే నష్టమేంటి?

ప్రాక్సీలో పెట్టుకున్న జాగ్రత్తలన్నీ ప్రాక్సీ గుండా వచ్చేవాళ్లకే వర్తిస్తాయి. నిమిషానికి ఇన్ని రిక్వెస్టులే అనే పరిమితి, అడ్మిన్ పేజీకి పెట్టిన పాస్‌వర్డ్, ఆఫీసు ఐపీ నుంచి మాత్రమే అనే నిబంధన, అప్‌లోడ్ సైజు హద్దు, యాక్సెస్ లాగ్ అన్నీ అక్కడే ఉన్నాయి. నేరుగా 3000కి వచ్చినవాడికి వీటిలో ఏదీ ఎదురుకాదు. పైగా అతను వచ్చినట్టు ఇంజిన్‌ఎక్స్ లాగ్‌లో ఒక్క లైను కూడా ఉండదు. ఏదైనా జరిగాక లాగ్ తిరగేసేవాళ్లకి అన్నిటికన్నా తలనొప్పి ఇదే.

కుకీల సంగతి చాలామంది పట్టించుకోరు. కుకీలు ఎలా నడవాలో చెప్పే 2011 నాటి ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 6265 ప్రకారం కుకీలకు పోర్టు తేడా లేదు. హెచ్‌టీటీపీఎస్ నడిచే 443 పోర్టులో లాగిన్ అయినప్పుడు వచ్చిన సెషన్ కుకీని, అదే డొమైన్ మీద 3000 పోర్టుకి వెళ్లినప్పుడు కూడా బ్రౌజర్ పంపేస్తుంది. ఆ కుకీకి సెక్యూర్ అనే గుర్తు తగిలించకపోతే, అది ఎన్‌క్రిప్షన్ లేని దారిలో ఉన్నదున్నట్టుగా వెళ్లిపోతుంది.

అసలు ప్రమాదం హెడర్లలో, అంటే రిక్వెస్టుతో పాటు వచ్చే అదనపు వివరాల్లో ఉంది. ప్రాక్సీ వెనక ఉన్న అప్లికేషన్‌కి ప్రతి రిక్వెస్టూ ప్రాక్సీ నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే వచ్చినవాడి ఐపీని ప్రాక్సీ ఒక చీటీ మీద రాసి ఇస్తుంది. ఆ చీటీయే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్. అప్లికేషన్ దాన్ని నమ్మి పని చేస్తుంది. లాగిన్‌లో ఐదుసార్లు పాస్‌వర్డ్ తప్పితే ఆ ఐపీని ఆపడం లాంటివన్నీ ఆ చీటీ చూసే జరుగుతాయి. నేరుగా వచ్చేవాడు ఆ చీటీని తనే రాసుకొస్తాడు. రిక్వెస్టుకో కొత్త ఐపీ రాస్తే ఐదుసార్ల పరిమితి ఎప్పటికీ పూర్తికాదు. కంపెనీ లోపలి ఐపీ రాసుకొస్తే లోపలివాడైపోతాడు.

లాగిన్ పని కూడా ప్రాక్సీకే అప్పగించిన చోట ఇది ఇంకా ముదురుతుంది. వచ్చింది ఎవరో ప్రాక్సీ తేల్చుకుని, యూజర్ పేరును ఒక హెడర్‌లో రాసి పంపుతుంది. అప్లికేషన్ ఇక పాస్‌వర్డ్ అడగదు. గ్రాఫ్‌లు చూపించే గ్రఫానా అనే సాఫ్ట్‌వేర్‌లో ఆథ్ ప్రాక్సీ అనే ఏర్పాటు ఇలాంటిదే. పోర్టు బయటికి తెరిచి ఉంటే, ఆ హెడర్‌లో అడ్మిన్ అని రాసి పంపిన ప్రతివాడూ అడ్మినే. ఆ హెడర్‌ను ఏ ఐపీల నుంచి వస్తే నమ్మాలో చెప్పే సెట్టింగ్ గ్రఫానాలో ఉన్నది ఇందుకే. దాన్ని ఖాళీగా వదిలేయడం మన చేతుల్లో ఉన్న పని, కాబట్టి జరుగుతూనే ఉంటుంది.

ఎవరూ ఎంచుకోని అడ్రస్

తలుపు ఎవరు తెరిచారు అని వెతికితే సాధారణంగా ఎవరూ దొరకరు. ప్రోగ్రామ్ ఒక పోర్టు మీద వినడం మొదలుపెట్టేటప్పుడు రెండు సంగతులు చెప్పాలి: ఏ పోర్టు, ఏ అడ్రస్ మీద. చాలామంది పోర్టు చెప్పి ఊరుకుంటారు. అడ్రస్ చెప్పకపోతే నోడ్‌జేఎస్ మెషిన్‌కి ఉన్న అన్ని అడ్రస్‌ల మీదా వింటుంది. స్ప్రింగ్ బూట్ 8080లో అదే పని చేస్తుంది, టామ్‌క్యాట్ కూడా అంతే. ఫ్లాస్క్, జాంగో డెవలప్‌మెంట్ సర్వర్లు, గునికార్న్ మాత్రం డిఫాల్ట్‌గా 127.0.0.1కే, అంటే మెషిన్ తనను తాను పిలుచుకునే అడ్రస్‌కే పరిమితం. కానీ ఏదో ఒకరోజు ఫోన్‌లో పేజీ చూసుకోవాలనో, కంటెయినర్‌లో నడవడం లేదనో ఎవరో దాన్ని 0.0.0.0 (అన్ని అడ్రస్‌లూ అని అర్థం) చేస్తారు. పని జరుగుతుంది. ఆ లైను అలాగే ఉండిపోయి ప్రొడక్షన్‌కి చేరుతుంది.

సర్వర్‌లో ఎస్‌ఎస్ కమాండ్‌ని టీ, ఎల్, ఎన్, పీ ఆప్షన్లతో నడిపితే ఏ ప్రోగ్రామ్ ఎక్కడ వింటోందో తెలుస్తుంది. అందులో చూడాల్సింది ఒక్క కాలమ్. 127.0.0.1:3000 అని ఉంటే ఆ మెషిన్‌లో ఉన్న ప్రోగ్రాములే దాన్ని చేరగలవు. 0.0.0.0:3000 అని ఉంటే ఐపీవీ4 మీద ఊరందరికీ తెరిచినట్టు. పోర్టు ముందు అంకెలేమీ లేకుండా ఉత్త నక్షత్రం గుర్తుతో *:3000 అని ఉంటే ఐపీవీ4, దాని తర్వాతి తరమైన ఐపీవీ6 రెండింటి మీదా తెరిచినట్టు. నోడ్ అప్లికేషన్లకు తరచుగా కనిపించేది ఈ నక్షత్రమే.

ఇంజిన్‌ఎక్స్, అప్లికేషన్ రెండూ ఒకే మెషిన్‌లో ఉంటే మందు కూడా ఆ కాలమ్‌లోనే ఉంది. నోడ్‌లో లిజన్ ఫంక్షన్‌కి పోర్టు తర్వాత 127.0.0.1 కూడా ఇవ్వాలి. స్ప్రింగ్ బూట్‌లో సర్వర్ అడ్రస్ ప్రాపర్టీ పెట్టాలి. ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగరేషన్‌లో కూడా లోకల్‌హోస్ట్ అనే పేరు కాకుండా 127.0.0.1 అనే అంకెలే రాయడం మేలు. లోకల్‌హోస్ట్‌కి ఐపీవీ6లో ::1 అనే ఇంకో అర్థం కూడా ఉంది. అప్లికేషన్ అక్కడ వినకపోతే ఎర్రర్ లాగ్‌లో కనెక్షన్ రెఫ్యూజ్డ్ అనే లైన్లు అకారణంగా పడుతుంటాయి.

ఫైర్‌వాల్ కన్నా దీన్నే ముందు పెట్టడానికి కారణం ఉంది. తెరిచిన తలుపుకి మనిషిని కాపలా పెట్టడం ఫైర్‌వాల్ పద్ధతి. అసలు అటువైపు తలుపే పెట్టకపోవడం బైండ్ అడ్రస్ (ప్రోగ్రామ్ వినే అడ్రస్) పద్ధతి. ఫైర్‌వాల్ రూల్ చెరిగిపోవచ్చు, రీబూట్‌లో లోడ్ కాకపోవచ్చు, ట్రబుల్‌షూటింగ్ టెన్షన్‌లో ఎవరో ఐదు నిమిషాలకని ఆపి మర్చిపోవచ్చు. 127.0.0.1 మీద వింటున్న ప్రోగ్రామ్‌కి ఇవేమీ అంటవు.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు కూడా దెబ్బలు తిన్నాకే ఈ దారికి వచ్చారు. రూబీ ఆన్ రైల్స్ 2014లో 4.2 వెర్షన్ నుంచి డెవలప్‌మెంట్ సర్వర్‌ని లోకల్‌హోస్ట్‌కి పరిమితం చేసింది. ఎలాస్టిక్‌సెర్చ్ 2015లో 2.0తో అదే చేసింది. రెడిస్ డేటాబేస్ 2016లో 3.2తో, పాస్‌వర్డ్ పెట్టకుండా వదిలేస్తే బయటివాళ్లకు జవాబివ్వని ప్రొటెక్టెడ్ మోడ్ తెచ్చింది. మాంగోడీబీ కథ అందరికీ గుర్తుండే ఉంటుంది. పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న డేటాబేస్‌లను 2017 జనవరిలో వేల సంఖ్యలో తుడిచేసి, డబ్బు కడితేనే ఇస్తామని లోపల చీటీలు వదిలారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి అన్ని రకాల ఇన్‌స్టలేషన్లలోనూ లోకల్‌హోస్టే డిఫాల్ట్ అయింది.

డాకర్ వేసే సొరంగం

ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉంటుంది. వాడడం తేలిక. 22, 80, 443 తప్ప మిగతావన్నీ ఆపేయమంటే ఆపేస్తుంది. స్టేటస్ అడిగితే అన్నీ డినై అని చూపిస్తుంది. అయినా డాకర్ కంటెయినర్‌లో (అప్లికేషన్‌ని విడిగా ప్యాక్ చేసి నడిపే డబ్బా) ఉన్న అప్లికేషన్ 3000 పోర్టులో బయటివాళ్లకు హాయిగా పలుకుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు తమ కళ్లనే నమ్మబుద్ధి కాదు. అబద్ధం చెబుతున్నది యూఎఫ్‌డబ్ల్యూ కాదు. ప్యాకెట్ అటువైపు రావడమే లేదు.

బయటి నుంచి 3000 పోర్టుకి ఒక ప్యాకెట్ వచ్చిందనుకుందాం. కెర్నెల్‌లో అది తొలి దశలోనే, చిరునామాలు మార్చే నాట్ టేబుల్‌లోని ప్రీరౌటింగ్ అనే మజిలీకి చేరుతుంది. పోర్టు పబ్లిష్ చేసినప్పుడే డాకర్ అక్కడ ఒక రూల్ రాసిపెట్టింది: 3000కి వచ్చినదాని చిరునామా కొట్టేసి, 172.17.0.2 అనే కంటెయినర్ చిరునామా రాయి. చిరునామా మారింది. ఇప్పుడు కెర్నెల్ ఈ ప్యాకెట్ ఎవరిదని చూస్తే, అది ఈ మెషిన్‌ది కాదు, వేరే ఎవరికో చేరవేయాల్సింది. కాబట్టి ఇన్‌పుట్ గొలుసు (రూల్స్ వరస) వైపు కాకుండా ఫార్వర్డ్ గొలుసు వైపు పంపుతుంది. యూఎఫ్‌డబ్ల్యూలో మనం రాసుకున్న డినై రూల్స్ కూర్చున్నది ఇన్‌పుట్‌లో. ఫార్వర్డ్ గొలుసులో పైన డాకర్ తన అనుమతులు ముందే రాసుకుంది. కాపలావాడు తూర్పు గేటు దగ్గర ఉన్నాడు, బండి పడమటి గేటు గుండా వెళ్లిపోయింది.

ఇది బగ్ కాదు. యూఎఫ్‌డబ్ల్యూతో పొసగదని డాకర్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. పోర్టు పబ్లిష్ చేయమంటే బయటికి తెరవమనే అర్థమని డాకర్ వాదన. మాటగా చూస్తే అది సబబే. కానీ ట్యుటోరియల్స్‌లో 3000:3000 (మెషిన్ పోర్టు, కంటెయినర్ పోర్టు) అని కాపీ చేసుకున్నవాళ్లలో ఎందరు ఆ అర్థంతో కాపీ చేశారన్నది వేరే సంగతి.

దీనికి చిన్న విరుగుడు, పబ్లిష్ చేసేటప్పుడు ముందు అడ్రస్ కూడా రాయడం: 127.0.0.1:3000:3000. అప్పుడు హోస్ట్ (అసలు మెషిన్) మీదున్న ఇంజిన్‌ఎక్స్ లాంటి ప్రోగ్రాములే ఆ పోర్టు గుండా కంటెయినర్‌ని చేరగలవు. ఇందులో ఒక మెలిక ఉంది. డాకర్ ఇంజిన్ 28కి ముందు వెర్షన్లలో, అదే లోకల్ నెట్‌వర్క్ ముక్కలో ఉన్న పక్క మెషిన్లు ఇలా లోకల్‌హోస్ట్‌కి పబ్లిష్ చేసిన పోర్టుని కూడా చేరే వీలుండేది. 2025లో వచ్చిన 28తో ఆ సందు మూశారు. పాత వెర్షన్ నడుపుతున్నవాళ్లు అప్‌గ్రేడ్ చేసుకోవడం మంచిది.

ఇంకా శుభ్రమైన పద్ధతి, ఇంజిన్‌ఎక్స్‌ని కూడా కంటెయినర్‌గానే నడపడం. ఏ కంటెయినర్లు ఎలా నడవాలో రాసుకునే కంపోజ్ ఫైల్‌లో రెండింటినీ ఒకే నెట్‌వర్క్‌లో పెట్టి, అప్లికేషన్ కింద ఉన్న పోర్ట్స్ భాగాన్ని మొత్తం తీసేయాలి. ఇంజిన్‌ఎక్స్ దాన్ని సర్వీస్ పేరుతో పిలుచుకుంటుంది. బయటికి పబ్లిష్ అయ్యేవి ప్రాక్సీ తాలూకు 80, 443 మాత్రమే. కంటెయినర్ లోపల అప్లికేషన్ 0.0.0.0 మీద వినాల్సిందే, అక్కడ 127.0.0.1 పెడితే పక్క కంటెయినర్‌కి కూడా వినపడదు. ఒకే అంకెకి హోస్ట్ మీద ఒక అర్థం, కంటెయినర్‌లో ఇంకో అర్థం ఉండడమే సగం గందరగోళానికి మూలం. అదే ఫైల్‌లో డేటాబేస్ కింద 5432:5432 అనే లైను ఉందేమో కూడా అప్పుడే చూసి తీసేయాలి. అప్లికేషన్ కన్నా అది పెద్ద ప్రమాదం.

కంటెయినర్ ట్రాఫిక్‌కే ఫైర్‌వాల్ రూల్స్ రాయక తప్పనివాళ్లకు డాకర్-యూజర్ అనే గొలుసు ఉంది. మన రూల్స్ అందులో పెడితే డాకర్ అనుమతుల కన్నా ముందు పనిచేస్తాయి. అయితే ప్యాకెట్ అక్కడికి వచ్చేసరికే చిరునామా మారిపోయి ఉంటుంది. 8080:3000 అని పబ్లిష్ చేసినప్పుడు అక్కడ 8080ని ఆపమంటే ఏమీ ఆగదు. 3000ని ఆపాలి, లేదా కనెక్షన్ ట్రాకింగ్‌ని అడిగి అసలు పోర్టు ఏదో తెలుసుకునేలా రాయాలి. ఇంత తంటా కన్నా క్లౌడ్ ప్రొవైడర్ ఇచ్చే ఫైర్‌వాల్ నయం. అమెజాన్‌లో దాన్ని సెక్యూరిటీ గ్రూప్ అంటారు. అది మెషిన్ బయట ఉంటుంది కాబట్టి లోపల డాకర్ ఏ రూల్స్ రాసుకున్నా దాన్ని దాటలేదు. బైండ్ అడ్రస్ సరిచేసుకున్నా సరే, రెండో తాళంగా దాన్ని వేసి ఉంచాలి.

127.0.0.1 చాలని చోట

లోకల్‌హోస్ట్ అంటే ఆ మెషిన్‌లో ఉన్న ప్రతి యూజర్‌కీ, ప్రతి ప్రోగ్రామ్‌కీ తెరిచినట్టే. ఒకే సర్వర్‌లో పదిమంది సైట్లు ఉంటే ఇది చాలదు. అప్పుడు పోర్టే వద్దనుకుని యునిక్స్ సాకెట్ వాడొచ్చు. అది డిస్క్ మీద ఒక ఫైల్‌లా కనిపిస్తుంది, ఫైల్‌కి ఉన్నట్టే పర్మిషన్లుంటాయి. గ్రూప్‌ని డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా చేసి 660 (యజమానికీ, గ్రూప్‌కీ మాత్రమే చదివే, రాసే వీలు) ఇస్తే, ఉబుంటులో ఇంజిన్‌ఎక్స్‌కి దారి దొరుకుతుంది, మిగతావాళ్లకు దొరకదు. సాకెట్‌ని హోమ్ డైరెక్టరీలో పెడితే మాత్రం 502 ఎర్రర్‌తో సగం రోజు పోతుంది. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ డైరెక్టరీలకు 750 పర్మిషనే ఉంటుంది, ఇంజిన్‌ఎక్స్ అందులోకి అడుగుపెట్టలేదు. రన్ డైరెక్టరీలో పెడితే ఆ గొడవ లేదు.

ప్రాక్సీ ఒక మెషిన్‌లో, అప్లికేషన్ ఇంకో మెషిన్‌లో ఉంటే 127.0.0.1 కుదరదు. ప్రైవేట్ అడ్రస్ మీద వినిపించి, ప్రాక్సీ నుంచి తప్ప ఎవరినీ రానివ్వకుండా ఫైర్‌వాల్ పెట్టాలి. సెక్యూరిటీ గ్రూప్‌లో ఐపీ బదులు ప్రాక్సీ తాలూకు గ్రూప్ పేరే మూలంగా రాయొచ్చు, అప్పుడు ప్రాక్సీ ఐపీ మారినా రూల్ మార్చక్కర్లేదు.

క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సేవ ముందుంటే ఇదే సమస్య ఒక మెట్టు పైకి జరుగుతుంది. ఇప్పుడు రివర్స్ ప్రాక్సీ క్లౌడ్‌ఫ్లేర్, దొడ్డి తలుపు సర్వర్ అసలు ఐపీ మీద ఉన్న 443. పాత డీఎన్‌ఎస్ రికార్డుల్లోనో, మెయిల్ సబ్‌డొమైన్‌లోనో ఆ ఐపీ దొరికిపోతుంటుంది. క్లౌడ్‌ఫ్లేర్ ప్రకటించే ఐపీ శ్రేణులకే 443ని పరిమితం చేయడం అందరూ చెప్పే సలహా. అది కావాలి, కానీ సరిపోదు. క్లౌడ్‌ఫ్లేర్‌లో అకౌంట్ ఎవరైనా తెరవొచ్చు, తన డొమైన్‌ని మన ఐపీ వైపు తిప్పి అదే శ్రేణి నుంచి రావచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ తనెవరో సర్టిఫికెట్‌తో మన సర్వర్‌కి చూపించుకునే ఆథెంటికేటెడ్ ఆరిజిన్ పుల్స్ అనే ఏర్పాటులో కూడా డిఫాల్ట్ సర్టిఫికెట్ కస్టమర్లందరికీ ఉమ్మడిదే, సొంత సర్టిఫికెట్ పెట్టుకుంటేనే ప్రయోజనం. అంత వద్దనుకుంటే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ ఉంది, 2021 నుంచి ఉచితం. సర్వరే లోపలి నుంచి బయటికి కనెక్ట్ అవుతుంది కాబట్టి బయటి నుంచి లోపలికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు.

వచ్చిన రిక్వెస్టు ఏ ఐపీదో అప్లికేషన్ కోడ్‌లోనే చూసి తిప్పి పంపడం కొందరి అలవాటు. దాన్ని ఆఖరి వరసలో పెట్టాలి. చూస్తున్నది నిజం కనెక్షన్ ఐపీనా, చీటీ మీద రాసిన ఐపీనా అన్నది ఫ్రేమ్‌వర్క్ సెట్టింగ్‌ని బట్టి మారిపోతుంది. నోడ్ ఫ్రేమ్‌వర్క్ అయిన ఎక్స్‌ప్రెస్‌లో ట్రస్ట్ ప్రాక్సీకి ట్రూ అని ఇస్తే చీటీ ఎవరు తెచ్చినా నమ్ముతుంది. 1 అని ఇచ్చినా నేరుగా వచ్చినవాడి చీటీ చెల్లుతుంది. లూప్‌బ్యాక్ అని ఇస్తే మాత్రం, 127.0.0.1 నుంచి వచ్చిన కనెక్షన్ తెచ్చిన చీటీనే చూస్తుంది. ప్రాక్సీ అదే మెషిన్‌లో ఉంటే రాయాల్సింది ఆ మాటే.

మూసుకుందని ఎలా తెలుస్తుంది

సర్వర్‌లోకి లాగిన్ అయి అక్కడి నుంచే కర్ల్ (టెర్మినల్ నుంచి పేజీ తెప్పించే కమాండ్) కొట్టి చూడడం దండగ. లోపలివాడికి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆఫీసు నెట్‌వర్క్ నుంచి చూస్తే, ఆఫీసు ఐపీకి ఎప్పుడో ఇచ్చిన మినహాయింపు వల్ల తెరిచినట్టు కనిపించొచ్చు. ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి చూడడం తేలికైన మార్గం. జియో లాంటి నెట్‌వర్క్‌ల మీద ఐపీవీ6 కూడా ఉంటుంది కాబట్టి కర్ల్‌కి ఒకసారి 4 అనే ఆప్షన్, ఇంకోసారి 6 అనే ఆప్షన్ ఇచ్చి రెండూ చూడాలి. లైనక్స్ ఫైర్‌వాల్ కమాండ్ అయిన ఐపీటేబుల్స్‌లో రాసిన రూల్ ఐపీవీ4కి మాత్రమే. ఐపీవీ6కి వేరే టేబుల్స్ ఉన్నాయి, అవి ఖాళీగా ఉంటే నక్షత్రం గుర్తుతో వింటున్న అప్లికేషన్ అటునుంచి తెరిచే ఉన్నట్టు.

బ్రౌజర్ సాక్ష్యాన్ని అసలు నమ్మకూడదు. సైట్‌కి హెచ్‌ఎస్‌టీఎస్ (హెచ్‌టీటీపీఎస్‌తోనే రమ్మని బ్రౌజర్‌కి చెప్పే ఏర్పాటు) పెట్టి ఉంటే, డొమైన్ పేరు పక్కన 3000 కొట్టినప్పుడు బ్రౌజర్ తనంతట తానే దాన్ని హెచ్‌టీటీపీఎస్‌గా మార్చేస్తుంది, పోర్టు నంబర్ మాత్రం అలాగే ఉంచుతుంది. 3000లో ఉన్న నోడ్‌కి హెచ్‌టీటీపీఎస్ వాడే టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ రాదు. ఎస్‌ఎస్‌ఎల్ ఎర్రర్ అంటూ పేజీ తెరుచుకోదు. చూసినవాళ్లు హమ్మయ్య, మూసే ఉంది అనుకుంటారు. అదే అడ్రస్‌కి హెచ్‌టీటీపీతో కర్ల్ కొడితే హోమ్‌పేజీ మొత్తం వచ్చి టెర్మినల్‌లో పడుతుంది.

కర్ల్‌కి రావాల్సిన జవాబులు రెండే. 127.0.0.1కి బైండ్ చేసి, ముందు ఫైర్‌వాల్ లేకపోతే వెంటనే కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటుంది. ఫైర్‌వాల్ ప్యాకెట్‌ని మింగేస్తుంటే చాలాసేపు ఏమీ అనకుండా ఉండి, చివరికి టైమ్ అవుట్ అవుతుంది. రెండూ మంచివే. మూడో రకం జవాబు, అది 403 అయినా 404 అయినా, అప్లికేషన్ నుంచి వచ్చిందంటే తలుపు తెరిచే ఉంది. సర్వర్‌ని ఒకసారి రీబూట్ చేసి, కంటెయినర్లన్నీ లేచాక ఇదే పరీక్ష మళ్లీ చేయాలి. చేత్తో వేసిన ఐపీటేబుల్స్ రూల్స్ సేవ్ చేయకపోతే రీబూట్‌తో పోతాయి, డాకర్ మాత్రం తన రూల్స్‌ని లేస్తూనే మళ్లీ రాసుకుంటుంది.